ఒక్క విశ్వవిద్యాలయము – నూరు గడపలు

విశ్వవిద్యాలయ మనగా భవనముల సముదాయము కాదు. అధ్యాపకులును, విద్యార్థులును, గ్రంథాలయములును, ప్రయోగశాలలును గలసిన యొక కుటుంబము. ఆ కుటుంబమునకు నాలుగు ఊళ్లలో నాలుగు ఇండ్లుండవచ్చును. ఒక యింట ఇబ్బంది కలిగినపుడు బిడ్డ మరియొక యింట తలదాచుకొనుట లోకసహజము. పినతండ్రి గడప దాటుటకు ఏ బిడ్డయు ధ్రువపత్రములు చూపనక్కరలేదు. కాని మన ప్రభుత్వ విశ్వవిద్యాలయముల నీడ క్రింద ఒక కళాశాలనుండి మరియొక కళాశాలకు, ఒక క్యాంపసునుండి మరియొక క్యాంపసునకు మారగోరు విద్యార్థి పరాయివానివలె గడపగడపయు నెక్కి దిగవలసివచ్చుచున్నది. పట్టణములలో నుండువారికి ఇది చిన్న విషయముగా తోచవచ్చును. పిట్లము వంటి ఊళ్లనుండి చదువునకు బయలుదేరువారికి మాత్రము చదువు సాగుటయా, ఆగుటయా యను ప్రశ్న ఇదియే.

పిట్లమునుండి చూచినచో

పిట్లము కామారెడ్డి జిల్లాలో నిజాంసాగరమునకు పడమటనున్న మండల కేంద్రము. 2016 అక్టోబరు 11వ తేదీన జిల్లాలు పునర్విభజింపబడు వరకు నిది నిజామాబాదు జిల్లాలోనిది. మహారాష్ట్ర, కర్ణాటక రాష్ట్రముల సరిహద్దులు దాపుననే యున్నవి. తెలుగుతో పాటు మరాఠీ, కన్నడ భాషలు వినవచ్చు సీమ యిది. సంగారెడ్డినుండి నాందేడు మీదుగా అకోలాకు పోవు 161వ జాతీయ రహదారి ఈ యూరి మీదుగనే పోవుచున్నది. 1923 మొదలు 1931 వరకు మంజీరా నదిపై కట్టబడిన నిజాంసాగరము పరిసర భూములకు నీరిచ్చినది. కాని నీరు పారినంత సులభముగా ఈ ప్రాంతమునకు ఉన్నత విద్య పారలేదు.

ఇంటర్మీడియటు ముగించిన పిట్లము విద్యార్థి ప్రభుత్వ డిగ్రీ కళాశాలకై బాన్సువాడ, బిచ్కుంద, ఎల్లారెడ్డి, కామారెడ్డి, నిజామాబాదు ఊళ్లవైపు చూడవలెను. ఈ కళాశాలలన్నియు 2006లో స్థాపింపబడిన తెలంగాణ విశ్వవిద్యాలయ పరిధిలోనివే. ఆ విశ్వవిద్యాలయపు ప్రధాన క్యాంపసు నిజామాబాదు దాపున డిచ్‌పల్లిలో గలదు. దక్షిణ క్యాంపసు కామారెడ్డి దాపున భిక్కనూరులో గలదు. అది పూర్వము ఉస్మానియా విశ్వవిద్యాలయపు పీజీ కేంద్రము. ఉపాధ్యాయ శిక్షణ కళాశాల నిజామాబాదు వద్ద సారంగాపురమున గలదు. పేరు ఒకటే, పట్టా ఒకటే, ముద్ర ఒకటే. కాని విద్యార్థికి మాత్రము ఒక్కొక్క కళాశాల ఒక్కొక్క సంస్థానమైనది.

ప్రవేశ ద్వారము ఒక్కటి, నడిమి ద్వారములు లేవు

2016నుండి తెలంగాణమున డిగ్రీ ప్రవేశములు దోస్త్ అను ఆన్‌లైను పద్ధతిని జరుగుచున్నవి. విద్యార్థి తనకు కావలసిన కళాశాలలను, కోర్సులను వరుసగా గుర్తించిన పిమ్మట, మార్కులను రిజర్వేషన్లను బట్టి విడతలవారీగా సీట్లు కేటాయింపబడును. పూర్వము కళాశాల కళాశాలకు తిరిగి దరఖాస్తు లిచ్చుకొను ప్రయాస దీనివలన తప్పినది. ఇందుకు ప్రభుత్వమును అభినందింపవలసినదే.

కాని ఆ యెంపిక జరుగు తీరును గమనింపుడు. ఇంటర్మీడియటు ఫలితములు వెలువడిన కొలది దినములలో, పదునెనిమిది యేండ్ల బిడ్డ ఏ ఇంటర్నెట్టు దుకాణమునందో కూర్చుండి, తానెన్నడును చూడని కళాశాలల పేర్లకు వరుస సంఖ్యలు వేయవలెను. ఏ కళాశాలలో అధ్యాపకులు నిండుగా నున్నారో, ఎచట హాస్టలు గలదో, ఏ బస్సు ఏ వేళకు వచ్చునో చెప్పువారు చాల ఇండ్లలో లేరు. తండ్రి చదువుకొన్నవాడైనచో నలుగురిని విచారించి చెప్పును. తమ వంశమున మొదటిసారి కళాశాల మెట్లెక్కు బిడ్డకు చెప్పువా రెవరు? అట్లు చేసిన ఎంపిక మూడేండ్లపాటు బంధనము కావలెననుట న్యాయమా?

ఎంపిక సరియైనదే యనుకొందము. జీవితము మూడేండ్లు ఒకే తీరున నిలుచునా? ఒక యుదాహరణము నూహింతము. పిట్లము బాలిక బాన్సువాడ ప్రభుత్వ కళాశాలలో బి.ఎస్సీ. రెండవ సంవత్సరమునకు వచ్చినది. పంట దెబ్బతిని తలిదండ్రులు కూలికై నిజామాబాదు చేరిరి. ఆ బిడ్డ ఊరిలో ఒంటరిగా నుండుట యెట్లు? నిజామాబాదు కళాశాలకు మారవలెను. ఇందుకు ఎదురుగా మరియొక యుదాహరణము. నిజామాబాదులో చదువు బాలుని తండ్రి మంచము పట్టినాడు. పొలము చూచుకొనుచు బిచ్కుందలోనో, బాన్సువాడలోనో చదువు సాగించుకొనవలెనని యా బాలుని కోరిక. ఈ రెండును అరుదైన కథలు కావు. వ్యవసాయమునే నమ్ముకొన్న ఏ మండలమునందైనను జరుగుచుండు సంగతులే.

వీరిద్దరును ఏమి చేయవలెను? ఇప్పుడున్న కళాశాల ప్రధానాచార్యుని వద్ద అభ్యంతరము లేదను పత్రము పొందవలెను. చేరబోవు కళాశాలలో సీటు ఖాళీ యున్నదను పత్రము పొందవలెను. రెంటియందును ఒకే సబ్జెక్టుల జత యుండవలెను. ఒకచోట గణితము, భౌతికశాస్త్రము, కంప్యూటరు కలసియుండగా రెండవచోట కంప్యూటరు స్థానమున రసాయనశాస్త్ర ముండినచో దారి మూసికొనినట్లే. స్వయంప్రతిపత్తి గల నిజామాబాదు గిరిరాజ్ కళాశాల వంటిదైనచో పాఠ్యప్రణాళికయే వేరుగా నుండవచ్చును. పిమ్మట విశ్వవిద్యాలయపు అనుమతి, రుసుము, టీసీ. నడుమ హాజరు తగ్గినచో పరీక్షకును, ఉపకారవేతనమునకును ముప్పు. ఈ కాగితముల కొరకు తిరుగు దినములలో కూలి పోవును, బస్సుఖర్చు పెరుగును, ధైర్యము సన్నగిల్లును. కడకు చాలమంది చేయునదేమి? మారుట మానుకొని, చదువునే మానుకొందురు. ఆ మానుకొన్నవారు ఏ పట్టికలోను "బదిలీ దొరకక మానినవారు" అని కనబడరు. "గైర్హాజరు" అను ఒక్కమాటలో వారి కథ ముగియును.

ఎవరి విద్యార్థి?

ఇచట మౌలికమైన ప్రశ్న యొకటి గలదు. ఈ విద్యార్థి ఎవరివాడు? కళాశాలవాడా, విశ్వవిద్యాలయమువాడా? హాల్ టికెట్టు సంఖ్య నిచ్చునది విశ్వవిద్యాలయము. ప్రశ్నపత్రము కూర్చునది, మార్కుల పట్టిక యిచ్చునది, పట్టా ప్రదానము చేయునది విశ్వవిద్యాలయమే. బాన్సువాడలో చదివినను, కామారెడ్డిలో చదివినను పట్టాపై నుండునది తెలంగాణ విశ్వవిద్యాలయపు ముద్రయే. అట్లయినచో తన విద్యార్థిని తన గడపలలో నొకదాని నుండి మరియొకదానికి పోనిచ్చుటకు ఆ విశ్వవిద్యాలయమునకు ఇన్ని సంకోచము లేల?

ప్రభుత్వమునకు అవసరమైనపుడు ఈ సంకోచము లుండుట లేదు. పిట్లమునకు ఉత్తరమున గోదావరి తీరమందలి బాసరను తలచుకొనుడు. 2008లో గ్రామీణ ప్రాంతముల ప్రతిభావంతులకై రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయము స్థాపింపబడినపుడు బాసర, నూజివీడు, ఇడుపులపాయ యను మూడు చోట్ల దాని ప్రాంగణములు వెలసినవి. విశ్వవిద్యాలయ మొకటే, పాఠ్యక్రమ మొకటే. 2014లో రాష్ట్రము విభజింపబడుటతో బాసర తెలంగాణమున మిగిలినది. ఆంధ్రప్రదేశమున 2016లో శ్రీకాకుళము, ఒంగోలు ప్రాంగణములు చేర్పబడినవి. వానికి సొంత వసతి లేనందున శ్రీకాకుళము విద్యార్థులకు తొలుత నూజివీడులోను, ఒంగోలు విద్యార్థులకు ఇడుపులపాయలోను తరగతులు జరిగినవి. అనగా పాలకుల సౌకర్యమునకై వందలకొలది విద్యార్థులు ఒక ప్రాంగణమునుండి మరియొకదానికి సర్దుబాటు కాగలిగిరి. చదువు చెడలేదు, నియమములు కూలలేదు. ఒక్క విద్యార్థి తన కష్టము చెప్పుకొని మారుదు ననినపుడు మాత్రము నియమములు కొండలవలె అడ్డుపడుట విచిత్రము.

బియ్యము కదలినది, చదువు కదలలేదు

రేషను బియ్యము సంగతి మన పాఠకులకు తెలియనిది కాదు. పూర్వము కార్డు ఏ దుకాణమునకు చెందినదో ఆ దుకాణముననే బియ్యము తీసికొనవలెను. వలసపోయిన కూలికి బియ్యము ఊరిలోను, ఆకలి పట్టణములోను ఉండెడివి. 2019 ఆగస్టులో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రాష్ట్రముల నడుమ కార్డు ఎచటిదైనను బియ్యము ఎచటనైనను తీసికొను ఏర్పాటు ప్రయోగాత్మకముగా మొదలైనది. పిమ్మట అది దేశమంతటికిని వ్యాపించినది. లబ్ధి మనిషిదే గాని దుకాణముది కాదను సూత్రమే దానికి మూలము. తలిదండ్రుల బియ్యము వారివెంట నిజామాబాదు పోవుచుండగా, వారి బిడ్డ సీటును, ఉపకారవేతనమును బాన్సువాడలోనే చిక్కుకొని యుండుట యేమి న్యాయము?

అధ్యాపకులనే చూడుడు. ప్రభుత్వ పాఠశాలల ఉపాధ్యాయుల బదిలీలకు నియమావళి గలదు. సేవాకాలమునకు ఇన్ని పాయింట్లు, భార్యాభర్తలు ఒకచోట నుండుటకు ఇన్ని పాయింట్లు అని లెక్క గలదు. ఖాళీల పట్టిక బహిరంగముగా ప్రకటింపబడును. ఇది వారు అడిగి, పోరాడి సాధించుకొన్న హక్కు. విద్యార్థికి సంఘబలము తక్కువ, మూడేండ్లలో వెడలిపోవువాడు. కావుననే వానికై ఎవ్వరును పాయింట్లు లెక్కవేయలేదు.

నాగపూరు నేర్పిన పాఠము

ఈ విషయమున మన చరిత్రయే మనకొక పాఠము నేర్పుచున్నది. 1938లో ఉస్మానియా విశ్వవిద్యాలయ విద్యార్థులు వందేమాతరము పాడినందుకు నిజాం ప్రభుత్వపు ఆగ్రహమునకు గురియై బహిష్కృతులైరి. వారి చదువు అంతటితో ముగియవలసినదే. కాని నాగపూరు విశ్వవిద్యాలయము వారిలో పలువురకు తలుపు తెరచినది. 1991లో భారత ప్రధాని యైన పి. వి. నరసింహారావు అట్లు వెడలినవారిలో నొకరు. భాష వేరు, ప్రభుత్వము వేరు, బోధన మాధ్యమము వేరు. ఐనను విద్యార్థి చదువు ఆగరాదను ఒక్క ధర్మమును పట్టుకొని ఒక పరాయి విశ్వవిద్యాలయము వారిని చేర్చుకొనినది. పరాయి విశ్వవిద్యాలయము నాడు చేయగలిగినది సొంత విశ్వవిద్యాలయము నేడు చేయలేదా?

మరియొక సంగతియు నిచట గమనింపదగినది. మన విశ్వవిద్యాలయములు పీజీ కేంద్రములనుండి పుట్టి పెరిగినవి. వరంగల్లులోని ఉస్మానియా కేంద్రము 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమైనది. గుంటూరులోని ఆంధ్ర విశ్వవిద్యాలయ కేంద్రము అదే సంవత్సరమున నాగార్జున విశ్వవిద్యాలయమైనది. అనంతపురమందలి శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ కేంద్రము 1981లో శ్రీకృష్ణదేవరాయ విశ్వవిద్యాలయమైనది. విద్య జిల్లాలకు చేరుట శుభమే. కాని ఒక్కొక్క కేంద్రము విశ్వవిద్యాలయమైన కొలది పూర్వము ఒకే యింటి గదులుగా నున్నవి వేర్వేరు ఇండ్లై, నడిమి తలుపులకు తాళములు పడినవి. నేడు తాళములు తీయు పని మిగిలియున్నది.

క్రెడిట్లు పోవును, సీటు పోదు

ఈ దిశగా కొంత ప్రయత్నము జరుగలేదని యనరాదు. 2016–17 నుండి మన డిగ్రీ కళాశాలలలో సెమిస్టరు, క్రెడిట్ల పద్ధతి ప్రవేశపెట్టబడినది. విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2021లో క్రెడిట్ల నిధిని స్థాపించుచు నిబంధనలు వెలువరించినది. బ్యాంకులో సొమ్ము దాచినట్లు విద్యార్థి సంపాదించిన క్రెడిట్లు అతని ఖాతాలో చేరును. వేరొక సంస్థలో చదివినవియు అందు చేర్చుకొనవచ్చును. ఐతే పట్టా నిచ్చు సంస్థనుండి సగము క్రెడిట్లైనను పొందియుండవలెను. ఈ యాలోచన క్రొత్తది కాదు. ఐరోపాలో 1987లో ఎరాస్మస్ పేర విద్యార్థుల రాకపోకలు మొదలై, 1989లో క్రెడిట్ల మార్పిడి పద్ధతి రూపొందినది. దేశముల యెల్లలు దాటిన విద్యార్థి తన చదువును వెంట తీసికొనిపోవుటకు అది దారి చేసినది.

కాని క్రెడిట్టు కదలినంతమాత్రమున విద్యార్థి కదలలేడు. క్రెడిట్టు కంప్యూటరులోని అంకె. విద్యార్థికి కావలసినది తరగతిలో సీటు, హాస్టలులో మంచము, చేతిలో ఉపకారవేతనము. ఫీజు రీయింబర్సుమెంటు కళాశాల పేర మంజూరగును. ఆ చెల్లింపులలో జరుగుచున్న ఆలస్యములు, వానిపై ప్రైవేటు కళాశాలల యాందోళనలు అందరెరిగినవే. బకాయి రాలేదని విద్యార్థి పత్రములను ఆపు కళాశాలల పైన ఫిర్యాదులు వినబడుచునే యున్నవి. మూల ధ్రువపత్రములను అట్టిపెట్టుకొనరాదని విశ్వవిద్యాలయ నిధుల సంఘము 2018లోనే యాదేశించినది. ఆదేశము ఢిల్లీలో వెలువడినది. దానిని బాన్సువాడలో చదివి వినిపించువారు లేరు. ప్రభుత్వము చెల్లింపని బాకీకి విద్యార్థిని తాకట్టు పెట్టుకొనుట ఏ ధర్మశాస్త్రమునకును సమ్మతము కాదు.

ఆక్షేపణలకు సమాధానము

తలుపులు తెరచినచో అందరును నిజామాబాదునకును, కామారెడ్డికిని పరుగెత్తుదురనియు, చిన్న కళాశాలలు ఖాళీ యగుననియు కొందరి భయము. ఈ భయము త్రోసివేయదగినది కాదు. చిన్న ఊరి కళాశాల మూతబడినచో ముందుగా చదువు మానునది ఆ చుట్టుపట్ల ఆడపిల్లలే. కాని తలుపు మూయుటవలన కళాశాల నిలుచునా? అధ్యాపకులు లేని, ప్రయోగశాల లేని కళాశాలలో విద్యార్థిని బంధించి యుంచుట ఆ కళాశాలను రక్షించుట కాదు. దాని లోపమును దాచుట. మీదుమిక్కిలి తలుపు రెండు వైపులకును తెరచుకొనునని మరువరాదు. పట్టణములో గది యద్దె భరింపలేక, పొలమునకు, ముసలి తలిదండ్రులకు దాపున నుండగోరి తిరిగి వచ్చువారిని చేర్చుకొను భాగ్యము చిన్న కళాశాలకును లభించును.

సీట్లు లేవను ఆక్షేపణ యింకను బలహీనము. తెలంగాణమున ప్రతి సంవత్సరము డిగ్రీ సీట్లలో చాలభాగము నిండక మిగిలిపోవుచున్నది. పీజీ కోర్సులలో, కొన్ని ప్రత్యేక శాఖలలో మాత్రమే పోటీ యెక్కువ. అట్టిచోట మార్కుల వరుస పాటింపవచ్చును. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయమునకు పది క్యాంపసులు గలవు. అచటను ఒక క్యాంపసునుండి మరియొకదానికి శాశ్వతముగా మారవలెనన్న విద్యార్థి మరల దరఖాస్తు పెట్టుకొని పోటీపడవలెను. చేర్చుకొనుటలో ప్రాధాన్యము సామాన్య ప్రజలకై వెలసిన రెండేండ్ల కమ్యూనిటీ కళాశాలలనుండి వచ్చువారిది. కావున సంపన్న దేశములలో అంతయు సులభమని మేమనుట లేదు. కాని అచట మరియొక సౌకర్యము గలదు. తన క్యాంపసు విద్యార్థిగా నుండియే, అతిథివలె మరియొక క్యాంపసులో ఒక విడత చదివి రావచ్చును. మన చిన్న కళాశాలల భయమునకు ఇది మంచి మందు. బిచ్కుంద విద్యార్థి ఒక సెమిస్టరు పాటు పెద్ద ప్రయోగశాలయు, గ్రంథాలయమును గల చోట చదివి తిరిగి తన కళాశాలకు వచ్చినచో ఎవరికిని నష్టము లేదు.

2023 డిసెంబరు 9వ తేదీనుండి రాష్ట్ర ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులలో స్త్రీలకు ప్రయాణము ఉచితమైనది గదా, దూరమింకను సమస్య యగునా యని కొందరడుగవచ్చును. టికెట్టు సొమ్ము మిగిలిన మాట నిజము. కాని దినమునకు మూడు నాలుగు గంటలు బస్సులో గడచిన బిడ్డకు పుస్తకము పట్టు ఓపిక మిగులునా? సాయంకాలపు బస్సు తప్పిన దినమున ఆ తల్లి ప్రాణము ఎట్లుండును? ఉచిత టికెట్టు ఇంటికి దాపునగల కళాశాలకు ప్రత్యామ్నాయము కాజాలదు.

చేయవలసినది

మేము కోరునది అసాధ్యమైనది కాదు. ప్రతి విద్యాసంవత్సరాంతమున విశ్వవిద్యాలయము తన పరిధిలోని కళాశాలలలో, క్యాంపసులలో ఏ కోర్సున ఎన్ని సీట్లు ఖాళీ యున్నవో ప్రకటింపవలెను. విద్యార్థి ఒక్క దరఖాస్తుతో, ఒక్కచోట అర్జీ పెట్టుకొను వీలుండవలెను. పదునైదు దినములలో నిర్ణయము తెలుపవలెను. కాదనినచో కారణము వ్రాతమూలకముగా నీయవలెను. సంపాదనపరుడు మరణించినవారికి, రోగపీడితులకు, వలసపోయిన కుటుంబముల బిడ్డలకు, వివాహమై వేరొక యూరు చేరిన బాలికలకు ప్రథమ స్థాన మీయవలెను. ఒకే విశ్వవిద్యాలయములో మారువానికి టీసీ ప్రసక్తి లేకుండ, విశ్వవిద్యాలయపు రికార్డే వెంట పోవలెను. ఉపకారవేతనము కళాశాల పేర గాక విద్యార్థి పేర నడువవలెను. సబ్జెక్టుల జత సరిపోనిచోట ఆ యొక్క పాఠమును సమీప కళాశాలలోనో, ఆన్‌లైనులోనో పూర్తిచేయుట కవకాశ మీయవలెను. వీనిలో దేనికిని క్రొత్త భవనములు అక్కరలేదు, కోట్ల ధనము అక్కరలేదు. సంకల్పమును, ఒక కార్యాలయమున శ్రద్ధగల ఇద్దరు ముగ్గురు ఉద్యోగులును చాలును.

విద్యార్థులకును ఒక మాట. బదిలీ యనునది పరీక్షలో తప్పినవానికి తప్పించుకొను దారి కారాదు. మిత్రులతో గూడియుండుటకు సాకు కారాదు. అవసరమున్నవాడు అడుగుటకు సిగ్గుపడరాదు, అవసరము లేనివాడు అడిగి మరియొకని స్థానమును ఆక్రమింపరాదు. హక్కును కోరువారు దాని గౌరవమును గూడ కాపాడవలెను.

రాష్ట్ర ఉన్నత విద్యామండలియు, తెలంగాణ విశ్వవిద్యాలయ పాలకవర్గమును, ఈ ప్రాంతపు ప్రజాప్రతినిధులును ఈ విషయమును వెంటనే చేపట్టవలెను. రాబోవు విద్యాసంవత్సరపు ప్రవేశ ప్రకటనలోనే చేరు విధానముతో పాటు మారు విధానమును గూడ ముద్రింపవలెను. బిడ్డను చేర్చుకొనునపుడు స్వాగత తోరణము కట్టు విశ్వవిద్యాలయము, ఆ బిడ్డకు కష్టకాలము వచ్చినపుడు తన రెండవ గడపయొద్ద కాపలాభటుని నిలుపరాదు. ప్రజల ధనముతో నడచు విద్యాలయమున ప్రతి గడపయు ప్రజల బిడ్డలదే.